వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం 13,300 కిలోమీటర్లు, 15 గంటలు అంటున్నారు. మరి టికెట్లో 23 గంటల పైన ఎందుకు?

ఉద్దానం టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను పలాస దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా చెల్లి అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉంటోంది. జనవరిలో పురుడు. డిసెంబరు రెండో వారంలో అమ్మని పంపాలి. నాకు స్కూలు, నాన్నకి తోట. తోడు వెళ్లేవాళ్లు ఎవరూ లేరు.

అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. మా వైపు చాలామందికి ఉన్నట్టే కిడ్నీ కూడా కాస్త తేడాగా ఉంది, నొప్పి మాత్రలు అస్సలు వేసుకోవద్దన్నారు డాక్టరుగారు. అందుకే ఎన్ని గంటలు కూర్చోవాలన్నది నాకు చాలా ముఖ్యం.

దూరం ఎంతో ఫోన్లో వెతికాను. ఒకచోట వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 13,300 అని ఉంది, ఇంకోచోట 8,270, మరోచోట 7,180. ప్రయాణం 15 గంటలని ఒకచోట, 16న్నర గంటలని ఇంకోచోట. తీరా టికెట్లు చూస్తే సింగపూర్ మీదుగా 23 గంటల పైన, ఢిల్లీ మీదుగా 26, హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా 30 దాకా. పైగా ఢిల్లీ టికెట్లో ఒక వింత. తెల్లవారుజామున ఎక్కితే అదే రోజు ఉదయం దిగుతారట! అమ్మకి చదివి వినిపిస్తే, "ఏటే, అంత దూరం రెండు గంటల్లో పోతాదేటి?" అని అడిగింది. టైము తేడా గురించి నేను రోజూ పిల్లలకి చెప్తాను గానీ, టికెట్ ముందు పెట్టుకుని లెక్క వేస్తుంటే నాకూ తికమకగానే ఉంది.

ఈ లెక్కల్లో ఏది నమ్మాలి? అమ్మలాంటి మనిషికి ఏ దారి సుఖం? వెళ్లొచ్చినవాళ్లు, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బొబ్బిలి ఆడపడుచు:

అక్కా, నేను శాన్‌హోసేలో ఉంటాను. మా అత్తగారు, అమ్మ ఇద్దరూ ఇలా ఒంటరిగానే వచ్చారు. దూరం లెక్క పెద్దవాళ్లెవరైనా చెప్తారు, నేను అమ్మ సంగతి చెప్తాను.

మొదట చూడాల్సింది ఎన్నిసార్లు మారాలని. వైజాగ్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో అయితే ఒక్కసారే మారాలి. ఢిల్లీ మీదుగా అయినా ఒక్కసారే, కానీ అక్కడ దేశీయ విమానం దిగి ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ మళ్లీ దాటాలి. సింగపూర్ దారిలో మన ఇమిగ్రేషన్ వైజాగ్‌లోనే అయిపోతుంది, మీరు గేటు బయట ఉండగానే. ఆ ధైర్యం వేరు. న్యూయార్కో షికాగోనో మధ్యలో వచ్చే టికెట్ మాత్రం ఎంత చవకైనా వద్దు. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పి, ఇంకో విమానం పట్టుకోవాలి. పెద్దావిడకి అది చాలా కష్టం.

రెండోది, మొత్తం ఒకే టికెట్ కావాలి. ఒకే పీఎన్ఆర్. సింగపూర్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి విడివిడిగా కొంటే డబ్బు కొంచెం మిగలొచ్చు. కానీ అప్పుడు సింగపూర్‌లో పెట్టెలు తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి వీసా వ్యవహారం ఉంటుంది. ఒకే టికెట్ అయితే పెట్టెలు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కనిపిస్తాయి, అమ్మ లోపల్లోపలే మారిపోవచ్చు. మొదటి విమానం ఆలస్యమైనా తర్వాతి దానిలో పంపే బాధ్యత వాళ్లదే.

మూడోది వీల్‌చైర్. నడవగలదు కదా అని మొహమాటపడొద్దు. టికెట్ తీసుకున్నప్పుడే పెట్టించండి, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి ఉందో లేదో మళ్లీ అడగండి. వీల్‌చైర్ ఉంటే దారి వెతుక్కునే పని ఉండదు, భాష రాకపోయినా ఒక మనిషి పక్కనుండి గేటు దాకా చేరుస్తారు. ఇక్కడ ఇమిగ్రేషన్‌లో కూడా వెంట ఉంటారు. చెల్లి అడ్రసు, ఫోన్ నంబరు, మందుల చీటీ, "నాకు తెలుగు మాత్రమే వచ్చు, మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను" అని ఇంగ్లీషులో రాసిన కాగితం, ఇవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేసుకునే సంచిలో ఉంచండి. మందులు మాత్రం పెద్ద పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే.

విజయనగరం మాజీ సైనికుడు:

టీచరమ్మా, నేను వైమానిక దళంలో చేసి రిటైరయ్యాను. విమానం ఎక్కడి నుంచి ఎక్కడికి ఏ దారిలో పోవాలో లెక్క గట్టే విభాగంలో చాలా కాలం ఉన్నాను. మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను, కాస్త పెద్దగా రాస్తున్నాను.

మీకు దొరికిన మూడు అంకెలూ ఒకటే దూరం. 13,300 కిలోమీటర్లు, అదే మైళ్లలో 8,270, నాటికల్ మైళ్లలో 7,180. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. విమానాలు, ఓడలు నాటికల్ మైళ్లలోనే లెక్క వేస్తాయి.

ఇప్పుడు ఆ 13,300 ఎక్కడిదో చూడండి. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి పటం మీద గీసిన గీత కాదు. మీ స్కూల్లో గ్లోబు ఉంటుంది కదా, ఒక దారం తీసుకుని వైజాగ్ దగ్గర ఒక కొస, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఇంకో కొస పెట్టి బిగుతుగా లాగండి. దారం తూర్పుకి, సముద్రం మీదికి పోదు. ఉత్తరానికి పోతుంది. ఒడిశా, జార్ఖండ్, నేపాల్ తూర్పు కొస, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, అలాస్కాలో యాంకరేజ్ పక్కనుంచి దిగుతుంది. ఆ దారం పొడవే 13,300. వెబ్‌సైట్లు ఆ పొడవుని గంటకి 900 కిలోమీటర్లో 850యో పెట్టి భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపి 15 అనో 16 అనో చూపిస్తాయి. అది గణితం వరకు సరైన లెక్కే. కాకపోతే వైజాగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి నేరుగా పోయే విమానమే లేదు. ఉన్నా సరిగ్గా ఆ దారం మీద పోదు.

ఎందుకు పోదంటే టిబెట్. పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు, అంటే 14,700 అడుగుల పైన. పైన ఎగురుతుండగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే 10,000 అడుగులకి దిగాలి. ప్రయాణికుల తల మీద నుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ ఓ పావుగంట చొప్పునే ఉంటుంది. టిబెట్ మీద 10,000 అడుగులకి దిగడానికి చోటు ఎక్కడ? నేలే అంతకంటే పైన ఉంది. అందుకే చాలా విమానాలు దాన్ని చుట్టి పోతాయి.

తర్వాత రాజకీయం. 2022 నుంచి అమెరికా విమాన సంస్థలు రష్యా మీదుగా ఎగరడం లేదు. 2025 ఏప్రిల్ చివరి నుంచి పాకిస్తాన్ గగనతలం మన విమానాలకి మూసుకుపోయింది. దాంతో ఢిల్లీ నుంచి పడమటి వైపు పోయే మన విమానాలు కొన్ని చుట్టుదారి పట్టాయి, కొన్ని మధ్యలో ఆయిల్ కోసం ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ టికెట్ తీసుకుంటే మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అని అడిగి మరీ తీసుకోండి.

ఇక గాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. భూమికి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా తిప్పింది. అట్లాంటిక్ దారి 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి 15,300. అంటే 1,400 ఎక్కువ. అయినా ముందుగానే చేరింది, పద్నాలుగున్నర గంటల్లోనే! గాలి వెనక నుంచి తోసింది కాబట్టి. అందుకే కిలోమీటర్లు చూసి గంటలు అంచనా వేయకూడదు అంటాను. అమ్మగారు సింగపూర్ మీదుగా తూర్పుకి పోతే ఆ గాలి ఆవిడకి సాయం. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, గంటన్నరో రెండు గంటలో ఎక్కువ పడుతుంది.

సింగపూర్ దారి లెక్క ఇది. వైజాగ్–సింగపూర్ 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. సింగపూర్–శాన్‌ఫ్రాన్సిస్కో 13,600, వెళ్లేటప్పుడు 15 గంటలు, ఓ అరగంట అటూ ఇటూ. మొత్తం 16,500 కిలోమీటర్లు. దారం కంటే 3,200 ఎక్కువ. ఢిల్లీ దారి కాగితం మీద 13,750 లోపే. అయినా మీ టికెట్లలో సింగపూర్‌దే తక్కువ సమయం, ఎందుకంటే మధ్యలో ఆగే గంటలు తక్కువ. గాలిలో గంటలు, నేల మీద గంటలు వేరువేరుగా కాగితం మీద రాసుకోండి. మీ తికమక సగం అక్కడే తీరిపోతుంది.

ఉద్దానం టీచరమ్మ:

గురువుగారూ, మీకు చేతులెత్తి నమస్కారం. ఈ రోజు ఎనిమిదో తరగతిలో గ్లోబు పెట్టి దారం పట్టించాను. పిల్లలంతా దారం పసిఫిక్ మీదుగానే పోతుందన్నారు. బిగించేసరికి అలాస్కా మీదికి పోయింది! ఒక పిల్ల అయితే మూడుసార్లు విప్పి మళ్లీ కట్టింది, ఎక్కడో తప్పు ఉంటుందని. ఆ పిల్లలకే 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపిన నలుగురు మహిళా పైలట్ల గురించి చెప్పాను. వాళ్లలో పాపగారి తన్మయి మన తెలుగమ్మాయే అనగానే క్లాసు మొత్తం చప్పట్లు.

బొబ్బిలి చెల్లెమ్మా, నీ మాట విని ఢిల్లీ, దుబాయ్ రెండూ పక్కన పెట్టేశాను. సింగపూరే. ఒకే టికెట్ దొరికింది. వైజాగ్‌లో ఆదివారం రాత్రి 11కి బయల్దేరి, సింగపూర్‌లో సోమవారం ఉదయం 5:45కి దిగుతుంది. అక్కడ 9:15కి ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారం ఉదయం 8:45 అని ఉంది. ఎక్కిన టైము కంటే ముందే దిగుతోంది! అంతర్జాతీయ దినరేఖ, అంటే పసిఫిక్‌లో తారీఖు మారే గీత, దాటడం వల్లనని తెలుసు. కానీ షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అమ్మకి చెప్పాలంటే ఏ టైము పట్టుకోవాలి? ఈ లెక్క ఒక్కసారి విప్పి చెప్పండి.

విజయనగరం మాజీ సైనికుడు:

అన్నీ మన టైములోకి మార్చేయండి, అమ్మగారి చేతి గడియారం అసలు ముట్టుకోవద్దు. సింగపూర్ మన కంటే రెండున్నర గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో చలికాలంలో మన కంటే 13న్నర గంటలు వెనక. వాళ్లు నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకి. ఆ మధ్య నెలల్లో 13న్నర, మిగతా రోజుల్లో 12న్నర. తిరుగు ప్రయాణం మార్చి తర్వాతైతే ఈ గంట గుర్తుపెట్టుకోండి.

ఆదివారం రాత్రి 11కి బయల్దేరారు. సింగపూర్‌లో దిగేసరికి మన టైము సోమవారం తెల్లవారుజాము 3:15. అంటే నాలుగుంపావు గంటలు. అక్కడ మూడున్నర గంటలు ఆగి, మన టైము ఉదయం 6:45కి రెండో విమానం. దిగేసరికి మన టైము సోమవారం రాత్రి 10:15. అంటే పదిహేనున్నర గంటలు. అందులోంచి 13న్నర తీసేయండి, వాళ్ల సోమవారం ఉదయం 8:45 వస్తుంది. మొత్తం 23 గంటల 15 నిమిషాలు. మీ టికెట్లో ఉన్న 23 గంటల పైన అన్నది ఇదే.

వచ్చేటప్పుడు మాత్రం తారీఖు ఒకటి ఎగిరిపోయినట్టు ఉంటుంది, కంగారు పడొద్దు. ఉదాహరణకి అక్కడ సోమవారం ఉదయం 11కి ఎక్కితే మనకి అప్పటికే మంగళవారం అర్ధరాత్రి దాటి 12:30.

మాత్రల సంగతి నేను చెప్పేది కాదు. కానీ ఈ గంటలన్నీ మన టైములో ఒక కాగితం మీద రాసి మీ డాక్టరుగారికి చూపించండి. ఏ పూట ఏది వేసుకోవాలో, కిడ్నీకి తగ్గట్టు నీళ్లు ఎంత తాగాలో ఆయన చేతే అదే కాగితం మీద రాయించండి. పదిహేనున్నర గంటల్లో భోజనం వాళ్లిచ్చే వేళకి వస్తుంది, మనం తినే వేళకి కాదు. డయాబెటిక్ భోజనం కావాలని ముందే చెప్పొచ్చు. సీటు నడవ పక్కన తీసుకోండి. గంటన్నరకోసారి లేచి వెనక్కి నడిచి రావాలి. అంతసేపు కాళ్లు వేలాడేసి కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు లేవడానికి బద్ధకిస్తారు కాబట్టి గట్టిగా చెప్పి పంపండి.

నరసన్నపేట కారు:

అక్కా, నేను కారు నడుపుతాను. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లని, అమెరికా వెళ్లే పెద్దవాళ్లని వైజాగ్ విమానాశ్రయానికి దింపుతుంటాను. మీరు గాలిలో గంటలు లెక్క పెట్టారు, రోడ్డు గంటలు కూడా కలపండి. పలాస నుంచి విమానాశ్రయం దగ్గర దగ్గర రెండు వందల కిలోమీటర్లు. మడపాం, నాతవలస టోల్‌గేట్లు, మధ్యలో టీ, అన్నీ కలిపి నాలుగు గంటలు వేసుకోండి. సిటీలోంచి పోవద్దు. ఆనందపురం దగ్గర బైపాస్ ఎక్కి పెందుర్తి మీదుగా గోపాలపట్నం వస్తే మద్దిలపాలెం ట్రాఫిక్ తప్పుతుంది. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి అయితే మనకి ఈ చివరి గంట మిగులుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఉద్దానం వాళ్లు తప్పకుండా కొబ్బరి పెడతారు. కురిడీ కొబ్బరి పెట్టెలో పెట్టకండి, నూనె ఉంటుంది కాబట్టి మంట అంటుకునే సరుకు కింద లెక్క, తీసేస్తారు. అర్ధరాత్రి కౌంటర్ ముందు పెట్టె విప్పి, తాళ్లు కోసి, చీరల మధ్యలోంచి కొబ్బరికాయలు ఏరుతూ ఏడ్చిన తల్లిని నేను చూశాను. జీడిపప్పు అయితే వేయించి, కవరు సీలు చేయించి పెట్టండి. ఆవకాయ పెద్ద పెట్టెలోనే, రెండు కవర్లు వేసి.

బొబ్బిలి ఆడపడుచు:

అన్నయ్య చెప్పింది నిజం. దానికి తోడు అమెరికా వైపు మాట: పళ్లు, మాంసం పచ్చడి, నాటే విత్తనాలు వద్దు. కారప్పొడి, పసుపు, బాలింత కాయం లాంటివి చేతి సంచిలో పెడితే పొడులు కదా అని ఆపి చూస్తారు, పెద్ద పెట్టెలో వేయండి. తినే వస్తువులు ఉన్నాయా అని అడిగితే అమ్మ ఉన్నాయనే చెప్పాలి. ఉన్నాయని చెప్తే చూసి పంపిస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు.

ఉద్దానం టీచరమ్మ:

టికెట్ తీసేసుకున్నాను. ఒకే పీఎన్ఆర్, వీల్‌చైర్, నడవ పక్క సీటు, డయాబెటిక్ భోజనం అన్నీ పెట్టించాను. మాత్రల కాగితం కోసం శనివారం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం. అమ్మకి మొత్తం మన టైములోనే చెప్పాను. "ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం రాత్రి దిగుతావు, అక్కడ మాత్రం పొద్దున్న ఉంటుంది" అంటే, "అలా చెప్పు మరి, రోజంతా కూచోవడమే కదా, రైల్లో కాశీకి కూచోలేదేటి" అంది. ఎంత దూరమన్నది మళ్లీ అడగలేదు.

నరసన్నపేట తమ్ముడూ, రాత్రి 11 విమానానికి మా ఊరి నుంచి ఎన్నింటికి బయల్దేరమంటావు? పలాసకి ఇంకో అరగంట లోపలికి ఉంటాం మేము.

నరసన్నపేట కారు:

అంతర్జాతీయ విమానం అక్కా, మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అంటే రాత్రి 8. వీల్‌చైర్ కాబట్టి ఇంకో అరగంట ముందే ఉంటే మంచిది. మధ్యాహ్నం భోజనం పెందలాడే చేసేయండి, రెండున్నరకి కారు మీ గుమ్మం దగ్గర ఉండాలి. ఆదివారం సాయంత్రం భోగాపురం నుంచి ఆనందపురం దాకా బళ్లు ఎక్కువ, అందుకే ఆ అరగంట ఎక్కువ చెప్తున్నాను. పాస్‌పోర్టు ఇంట్లోనే ఒకసారి, కారు ఎక్కాక ఒకసారి చూసుకోండి. పలాస దాటాక గుర్తొస్తే వెనక్కి వచ్చే టైము ఉండదు.